కాకరతిప్పకు రెండోసారి

ఆగస్టు పన్నెండు, మంగళవారం, ఉదయం పదీ నలభై ఏడు నిమిషాలకు, కాకరతిప్ప మీంచి లేచిన డ్రోన్ కిలోమీటరు దూరం వెళ్లి వెనక్కి తిరిగింది. దాని కడుపులో పాముకాటు మందు పది సీసాలున్నాయి. ఆ మందు వెళ్లాల్సింది తాటిమెరకకు. అక్కడ నడకుదిటి రాఘవమ్మ అనే ముప్పై ఆరేళ్ల మనిషి ఆరోగ్య ఉపకేంద్రం బల్ల మీద పడుకుని ఉంది. రొయ్యల చెరువు గట్టు మీద ఆమెను నాగుపాము కరిచింది. ఒంటిగంటా ఐదు నిమిషాలకు చనిపోయింది.

డ్రోన్ ఎందుకు తిరిగిందో తేలడానికి పది రోజులు పట్టింది.

కాకరతిప్ప దివిసీమ తీరానికి అవతల, సముద్రంలో ఉన్న ఇసుకదిబ్బ. దాని మీద గాలినీ అలలనూ కొలిచే స్తంభం ఒకటి, రేకుల గది ఒకటి ఉన్నాయి. మనిషి ఒక్కడే. కొక్కిలిగడ్డ నాంచారయ్య, వయసు యాభై ఎనిమిది. రోజుకు నాలుగుసార్లు అంకెలు చదివి వైర్‌లెస్‌లో చెప్పడం ఆయన పని. జనవరి దాకా మంగళవారం, శనివారం ఏసేబు పడవ వచ్చేది. బియ్యం, మంచినీళ్ల డబ్బాలు దించాక ఏసేబు ఓ పూట కూర్చుని చుట్ట కాల్చేవాడు. ఎవరికి పెళ్లయిందో, ఎవరు పోయారో, ఎవరి వల తెగిందో చెప్పి వెళ్లేవాడు. జనవరి ఇరవై నుంచి ఆ సరుకు రోజూ డ్రోన్ తెస్తోంది. పడవ మానేశారు.

దాన్ని తయారుచేసిన ఇసుకపూడి ప్రయోగశాలలో ఆ డ్రోన్ పేరు ఎల్-4. తీరం మీద అందరూ కొంగ అంటారు. దిగేటప్పుడు రెక్కలు నిలబెడుతుంది. రెక్కలకున్న పంకాలు ఆకాశం వైపు తిరిగి బరువు మోస్తాయి. పైకి లేచాక రెక్కలు పడుకోబెట్టి విమానంలా పోతుంది. పోయేటప్పుడు తీరాన్ని ఫొటోలు తీస్తుంది. మడచెట్లు నరికేవాళ్లు ఎక్కడున్నారో, ఏ పడవ ఇంజను ఆగి కొట్టుకుపోతోందో కేంద్రానికి చెబుతుంది. పాముకాటు మందు ఎప్పుడూ కడుపులోనే ఉంటుంది, ఏ ఊరు పిలిస్తే ఆ ఊరికి.

దానికి ఒక హద్దు ఉంది. నిలువుగా దిగడానికీ లేవడానికీ బ్యాటరీ కావాలి. పెట్రోలు ఇంజను ఒక్కటే ఆ బరువు లేపలేదు. గాలిలో పోతున్నంతసేపూ అది కరెంటు చేసి బ్యాటరీ నింపుతుంది. ఒకసారి లేచాక, మళ్లీ దిగి లేవడానికి సరిపడా నిండాలంటే ఇరవై నాలుగు నిమిషాలు పోవాలి. సముద్రం మీద గాలి ఉంటే నిలబెట్టిన రెక్క తెరచాప అవుతుంది. ఆ గాలికి ఎదురు నిలవడానికే బ్యాటరీలో సగం పోతుంది.

ఆ ఉదయం కాకరతిప్ప మీద గాలి ఉంది. డ్రోన్ పదీ నలభై ఒకటికి దిగింది. పదీ నలభై నాలుగుకి తాటిమెరక నుంచి నర్సు ఫిలోమినా ఫోన్ చేసింది. ఇసుకపూడిలో తెర ముందు కూర్చున్న ఆపరేటర్ మస్తాన్ తరవాతి మజిలీ తాటిమెరకగా మార్చాడు.

"పదకొండుంపావుకి కొంగ మీ దగ్గరుంటుంది సిస్టర్. మనిషిని కదపకండి" అన్నాడు.

నియమావళిలో ఉన్నది అదే. ఫిలోమినా ఆటోను వెనక్కి పంపేసింది.

పదీ నలభై ఆరుకి డ్రోన్ లేచింది. రెక్కలు పడుకున్నాయి. పదీ నలభై ఏడుకి తిరిగింది. మస్తాన్ మూడుసార్లు మీట నొక్కాడు. డ్రోన్ వినలేదు. కింద ఉన్న మనిషి నోటిమాటకూ కేంద్రం మీటకూ తేడా వస్తే నోటిమాటే చెల్లుతుంది. డ్రోన్‌కు చెవులు పెట్టిన ఇంజనీరు చేకూరి ఇందుమతి రాసిన నియమం అది. రెండేళ్ల కిందట ఒక పరీక్షలో డ్రోన్ కింద గేదె నిలబడి ఉంటే, కేంద్రంలో ఉన్నవాళ్లకు కనబడలేదు. పొలంలో ఉన్న రైతుకు కనబడింది, కానీ ఆపడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. గేదె పోయింది. ఆ తరవాత ఇందుమతి డ్రోన్‌కు మాటలు నేర్పింది. రా, పో, ఆగు, దించు.

పదీ యాభై రెండుకి డ్రోన్ కాకరతిప్ప మీద రెండోసారి దిగింది. బ్యాటరీలో తొమ్మిది శాతం మిగిలింది.

"బాబాయ్, ఎందుకు పిలిచావ్ దాన్ని?" మస్తాన్ వైర్‌లెస్‌లో అడిగాడు.

"నేను పిలవలేదు మస్తానూ."

"రా అన్నావని ఇక్కడ పడింది."



"అయితే అన్నానేమో" అన్నాడు నాంచారయ్య.

నేలమీద నిలబడి ఇంజను తిప్పితే గాలి తగలక వేడెక్కుతుంది. పది నిమిషాలు తిప్పి, పదిహేను నిమిషాలు ఆపాలి. అరగంటలో లేస్తుందని మస్తాన్ మొదట ఫిలోమినాకు చెప్పాడు. తరవాత ఇంకో అరగంట అన్నాడు. పదకొండూ యాభైకి రాఘవమ్మ భర్త పోతురాజు, ఆమె ఇద్దరు తమ్ముళ్లు ఆమెను మంచంతో సహా మోసుకెళ్లి రేవు దాటించే పంటు పడవ ఎక్కించారు. రేవు దాటాక అంబులెన్సు దొరికింది. ఆస్పత్రికి ఇంకా పదకొండు కిలోమీటర్లుండగా ఊపిరి ఆగింది. డ్రోన్ ఒంటిగంటా పద్నాలుగుకి తాటిమెరకలో దిగింది. అక్కడ ఫిలోమినా ఒక్కతే ఉంది.

విచారణ కమిటీ పద్దెనిమిదో తేదీన ఇసుకపూడిలో కూర్చుంది. డ్రోన్ చిట్టాలో రెండు పంక్తులున్నాయి. పదీ నలభై ఆరు, పన్నెండు సెకన్లు: వెళ్లు. పదీ నలభై ఆరు, పదమూడు సెకన్లు: రా. రెక్కలు కదులుతున్నంతసేపూ డ్రోన్ కొత్త ఆజ్ఞ తీసుకోదు, పక్కన పెట్టుకుంటుంది. అవి పూర్తిగా పడుకున్నాక పక్కన పెట్టుకున్నది చేస్తుంది. మొదట వెళ్లింది, తరవాత వచ్చింది. ఆ మాటలన్న గొంతు మాత్రం రికార్డులో లేదు. మనుషుల మాటలు దాచకూడదని, ఆజ్ఞలు మాత్రమే దాచాలని ప్రయోగశాల నియమం.

ఫైలులో ఇంకో కాగితం ఉంది. జూలై మూడున నాంచారయ్య "ఆగు" అని డ్రోన్‌ను ఇరవై నిమిషాలు తిప్ప మీద నిలబెట్టాడు. ఎందుకని అడిగితే, చెబుతున్న మాట పూర్తికాలేదన్నాడు. దానికి తాఖీదు ఇచ్చారు.

"ఒంటరి మనిషి. ఊసుపోక పిలిచాడు" అన్నాడు డైరెక్టర్ రామలింగస్వామి. "మన డిజైన్ చెప్పింది చెప్పినట్టు చేసింది."

"ఆయన్ని అడగలేదు కదండీ మనం" అంది ఇందుమతి.

"మస్తాన్ అడిగాడుగా. అన్నానేమో అన్నాడట."

"అన్నానేమో అంటే అన్నానని కాదు."

"మీరు తెలుగు పండితులు కాదు ఇందుమతి గారూ, నేనూ కాదు. శుక్రవారానికి రిపోర్టు వెళ్లాలి. ఆయన సంతకంతో వాంగ్మూలం తెండి. ఉద్యోగం సంగతి పైవాళ్లు చూసుకుంటారు."

చెవులు కొత్తవని ఆమె గుర్తుచేసింది. పాతవి పంకాలు ఆగి ఉంటేనే, ఐదు మీటర్లలోపు మాటే వినేవి. ఆగస్టు పదకొండున బిగించినవి పంకాలు తిరుగుతున్నా అరవై మీటర్ల దూరం నుంచి వింటాయి. రామలింగస్వామి ఆ సంగతి రాసుకున్నాడు.

"బాగా వింటున్నాయనే కదా అర్థం" అన్నాడు.

ఇందుమతి గురువారం, ఇరవై ఒకటిన బయల్దేరింది. డ్రోన్‌లో మనిషికి చోటు లేదు. ఏసేబు పడవ మాట్లాడుకుంది.

"ఏడు నెలలైంది ఈ దారి చూసి. మీరేనా అమ్మా కొంగని చేసింది?" అన్నాడు ఏసేబు.

"దానికి చెవులు చేశాను."

"చెవులు సరే. చుట్ట కాలుస్తుందా?"

"కాల్చదు."

"మరి నాంచారయ్య దాంతో ఎట్లా కాపరం చేస్తున్నాడో" అని ఏసేబు ఇంజను పెంచాడు.

రెండు గంటల ప్రయాణం. నాంచారయ్య నీళ్లలోకి వచ్చి పడవ తాడు పట్టుకున్నాడు. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని ఉన్నాడు. గదిలో మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది, పక్కన సంచి కట్టి ఉంది. తనను తీసుకుపోవడానికే పడవ వచ్చిందనుకున్నాడు.

"వాంగ్మూలం కోసం వచ్చానండీ" అంది ఇందుమతి. "ఆరోజు ఏం జరిగిందో చెప్పండి."

"పెట్టె దించుకున్నాను. బియ్యం, ఉల్లిపాయలు, బ్యాటరీలు. లెక్క సరిపోయింది. అది లేచింది."

"అప్పుడు మీరేమన్నారు?"

"ఏమీ అనలేదమ్మా."

"రా అన్నారా?"

నాంచారయ్య ఏసేబు వైపు చూశాడు. ఏసేబు పడవలో నీళ్లు తోడుతున్నాడు.

"రా అనాలని రోజూ ఉంటుంది" అన్నాడు. "పొద్దున పదింటి నుంచి చెవి అటే ఉంటుంది. వస్తుంది, ఐదు నిమిషాలుంటుంది, పోతుంది. ఈ ఏడు నెలల్లో నేను నోరు తెరిచేది ఆ ఐదు నిమిషాలే. వైర్‌లెస్‌లో చెప్పేవి అంకెలు. వాటికి బదులు చెప్పేవాడుండడు, అందాయి అంటాడు, అంతే. ఆరోజు లోపల అనుకున్నది నోట్లోంచి వచ్చేసిందేమో. నాకు తెలియలేదు. మిషను అబద్ధం చెప్పదు కదమ్మా."

"మీకు గుర్తుందా, అన్నట్టు?"

"గుర్తు లేదు. అది తిరిగొస్తుంటే మాత్రం సంతోషపడ్డాను. అది గుర్తుంది. అది కూడా రాయండి."

ఇందుమతి రాయలేదు. మిగతాది రాసి చదివి వినిపించింది. "రా అని అన్నానేమో, గుర్తు లేదు" అన్న చోట నాంచారయ్య వేలు పెట్టాడు.

"గుర్తు లేదు అన్నది తీసేయండి. తప్పించుకున్నట్టుంటుంది."

"గుర్తు లేనప్పుడు లేదనే రాయాలి."

ఆయన సంతకం పెట్టాడు. ఆమె కాగితం సంచిలో పెట్టుకుని పడవ ఎక్కింది. ఏసేబు గెడతో నెట్టాడు. పడవ పదిహేను గజాలు వెళ్లాక నాంచారయ్య చెయ్యెత్తి, "వెళ్లి రండమ్మా" అన్నాడు. ఏసేబుతో, "వెళ్లి రారా" అన్నాడు.

"వస్తానండీ" అంది ఇందుమతి. తరవాత ఏసేబు భుజం పట్టుకుంది. "ఆపు. వెనక్కి తిప్పు."

నాంచారయ్య మోకాటిలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడేమన్నారు మీరు?"

"నేనా? ఏమీ అనలేదే."

"మేం వెళ్తుంటే ఏదో అన్నారు."

"వెళ్లి రండి అన్నాను. అది అనడం ఏంటి?"

"కొంగతో కూడా అంటారా?"

"అనకపోతే ఎట్లా? సముద్రం మీదికి పోయేదాన్ని ఊరికే పంపుతామా?" ఆయన ఏసేబు వైపు తిరిగాడు. "ఏరా, నువ్వనవూ?"

"వలతో నీళ్లలోకి పోయే తాడుతో కూడా అంటాను నేను" అన్నాడు ఏసేబు.

ఇందుమతి సంచిలోంచి రికార్డర్ తీసింది. కొంగతో ఎలా అంటాడో అలా అనమంది. నాంచారయ్య రెండుసార్లు నోరు తెరిచి మూశాడు.

"ఎవరూ వెళ్లట్లేదు కదమ్మా. ఎట్లా అంటాను?"

రికార్డర్ ఆయన చేతికిచ్చి ఇందుమతి పడవలో వెళ్లింది. మళ్లీ వచ్చింది. మూడుసార్లు అలా చేశారు. మూడోసారికి ఏసేబు నవ్వాపుకోలేక గెడ జారవిడిచాడు. నాంచారయ్య నవ్వలేదు. ప్రతిసారీ ఆ మాటను, పడవ నిజంగా వెళ్తున్నట్టే అన్నాడు.

శుక్రవారం ఉదయం షెడ్డులో డ్రోన్‌ను కట్లతో బిగించి, పంకాలు తిప్పి, నలభై మీటర్ల దూరం నుంచి ఆ గొంతు వినిపించారు. చిట్టాలో రెండు పంక్తులు పడ్డాయి. వెళ్లు. రా. ఒక సెకను తేడా. పన్నెండుసార్లు వినిపించారు. పన్నెండుసార్లూ అవే పడ్డాయి.

మాటల జాబితా తెప్పించారు. డ్రోన్‌ను పంపడానికి మొదట అందులో "పో" మాత్రమే ఉండేది. జూన్‌లో మూడు ఊళ్లలో పరీక్ష చేసినప్పుడు ఆడవాళ్లు ఆ మాట అనలేదు. ఒకామె, "మందు తెచ్చినదాన్ని పొమ్మంటామా? నోరెట్లా వస్తుంది?" అంది. జూన్ పద్నాలుగున "పో" పక్కన "వెళ్లు, వెళ్లి, బయల్దేరు" అని చేర్చారు. పక్కన ఇందుమతి సంతకం ఉంది. "రా" వేరే వరసలో ఉంది. రెండూ కలిసి వస్తే ఏం చేయాలో ఎక్కడా లేదు. ఆ జాబితాను పదకొండు మంది చదివారు. పదిమంది తెలుగువాళ్లు. అందరూ రోజూ సాయంత్రం వెళ్లొస్తామని చెప్పి ఇంటికి వెళ్లేవాళ్లు.

ఇందుమతి రిపోర్టు రాసింది. కారణం అన్న చోట తన పేరు రాసింది. రామలింగస్వామి రెండుసార్లు చదివాడు.

"ఇలా పంపితే మూడు జిల్లాల్లో డ్రోన్లు ఆపేస్తారు. వాటి మీద ఎంతమంది బతుకుతున్నారో తెలుసా?"

"తెలుసు. రెండు వారాల్లో సరిచేస్తాం."

"నిర్వహణలో లోపం అని రాయొచ్చు. ఎవరి పేరూ లేకుండా."

"అలా రాస్తే ఆయన పేరే మిగులుతుంది. ఫైల్లో ఉన్న మనిషి పేరు అదొక్కటే."

రామలింగస్వామి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం మస్తాన్ బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా వచ్చి, "మేడం, వెళ్లొ" అని ఆగిపోయాడు. తల ఊపి వెళ్లాడు.

ఆదివారం ఇందుమతి తాటిమెరక వెళ్లింది. పోతురాజు చెరువు దగ్గర ఉన్నాడు. మేత సంచి దించి, చేతులు కడుక్కుని వచ్చాడు. ఆమె నిలబడే చెప్పింది.

"అంటే ఆ పెద్దాయన మర్యాదకన్న మాటకా అమ్మా?" అని చివర్లో అడిగాడు.

"అవునండీ."

"మేమూ అదే అంటాం దానితో. ఇక్కడ దిగినప్పుడల్లా మా ఆవిడే అనేది."

"అప్పుడు దానికి వినబడేది కాదు."

పోతురాజు చెరువులో నీళ్లు చిలుకుతూ తిరుగుతున్న చక్రాల వైపు చూశాడు.

"ఆటో వచ్చింది ఆరోజు. పదీ ముప్పావుకే" అన్నాడు. "పంపేశాం."

"ఆ నియమం కూడా మేం రాసిందే."

"ఆ పెద్దాయనకి చెప్పారా, ఆయన తప్పు కాదని?"

"రేపు చెబుతారు."

"చెప్పండి" అని ఆయన మేత సంచి ఎత్తుకున్నాడు.

ఇరవై ఐదో తేదీ ఉదయం ఆరుగంటల అంకెలు తీసుకున్నాక మస్తాన్ ఉత్తరం చదివి వినిపించాడు. ఆగస్టు పన్నెండు ఘటనలో కొక్కిలిగడ్డ నాంచారయ్య తప్పేమీ లేదని, ఉద్యోగంలో కొనసాగుతారని, జూలై తాఖీదును కూడా రద్దు చేశారని అందులో ఉంది.

"విన్నావా బాబాయ్?"

"విన్నాను. ఆవిడకి పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"ఏ మాట మీద తిరిగిందో మళ్లీ చదువు."

మస్తాన్ చదివాడు. నాంచారయ్య అందింది అని చెప్పి వైర్‌లెస్ కట్టేశాడు.

వారానికి ఒకరోజు పడవ నడపాలని ఇందుమతి రాసిన లేఖకు సెప్టెంబరు మూడున జవాబు వచ్చింది. సరుకు అందడంలో లోటు లేదని, పడవ అవసరం కనబడలేదని ఉంది. డ్రోన్లు ఆపేసిన ఆ రోజుల్లో నాంచారయ్య నిలవున్న బియ్యంతో గడిపాడు. సెప్టెంబరు ఎనిమిదిన డ్రోన్ మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు "వెళ్లి రా" దానికి ఒకటే మాట, వెళ్లమని అర్థం. దించు అనే మాట వినబడకపోతే ఐదు నిమిషాలు చూసి, పెట్టె తనే దించి లేస్తుంది. తాటిమెరకలో, ఇంకో పద్నాలుగు ఊళ్లలో కొత్త మాట సరిగా పనిచేసినట్టు చిట్టాలో ఉంది.

నవంబరు ముప్పై దాకా డ్రోన్ కాకరతిప్ప మీద ఎనభై ఒక్కసార్లు దిగింది. తుపాను వల్ల మూడు రోజులు దిగలేదు. ఎనభై ఒక్కసార్లూ పెట్టె తనే దించింది. దిగేటప్పుడు తీసిన ఫొటోలన్నీ ఇందుమతి చూసింది. ఒక్కదానిలోనూ మనిషి లేడు. ముందురోజు దించిన పెట్టె ఏ ఫొటోలోనూ లేదు. దాన్ని పెట్టిన చోటి నుంచి రేకుల గది దాకా ఇసుకలో అడుగులున్నాయి.